కరెంటు టైము తెలిసిన యాప్: అనంతపురం వైపు డ్రిప్పు సర్వీసు పనికి ఎంతవరకు పనికొస్తుంది

డ్రిప్పు, బోరు మోటర్ల సర్వీసుకు ఊళ్లు తిరిగే మాకు కంపెనీ ఒక యాప్ ఇచ్చింది. పోయిన ఎండాకాలానికి ముందు నుంచి వాడుతున్నాను. పొద్దున ఏ ఊరికి ముందు పోవాలో చెప్పడంలో ఇంతకంటే మంచి యాప్ నేను చూడలేదు. సిగ్నల్ లేని చోట సగం పనికే వస్తుంది. ఆఫీసువాళ్లకు కనిపించే తెర మాత్రం మార్చి తీరాలి. ఐదుకు మూడున్నర ఇస్తాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ప్లేస్టోర్‌లో ఎవరైనా దించుకునేది కాదు, కంపెనీ తన మనుషులకు మాత్రమే ఇచ్చేది. అయినా ఎందుకు రాస్తున్నానంటే, బండేసుకుని తిరిగే పనులన్నింటిలోకీ ఇప్పుడు ఇలాంటివే వస్తున్నాయి, మీ కంపెనీ కూడా రేపో మాపో ఒకటి చేతిలో పెడుతుంది. అప్పుడు అందులో ఏం చూసుకోవాలో ముందే తెలిసి ఉంటే మంచిది.

మా పని తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. నాకు కళ్యాణదుర్గం, బెళుగుప్ప, కంబదూరు, శెట్టూరు, కుందుర్పి వైపు ఊళ్లు. స్టోరు అనంతపురంలో ఉంది, కళ్యాణదుర్గం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. బండి మీద ఒక బ్యాగు, అందులో గ్రోమెట్లు, టేకాఫ్‌లు, ఎండ్ క్యాపులు, నాలుగు డ్రిప్పర్లు, ఒక ప్రెషర్ గేజు, స్టార్టర్ బాక్సుకు కావలసిన కెపాసిటర్లు, రిలే. శాండ్ ఫిల్టరుకు సంబంధించిన సామాను బండి మీద పట్టదు. కాబట్టి రోజూ పొద్దున తేల్చుకోవలసింది ఏమిటంటే, ఎవరి తోటకు ముందు పోవాలి, ఏ సామాను పెట్టుకోవాలి, ఏది రేపటికి వదిలినా రైతుకు నష్టం రాదు. ఇందులో లెక్క తప్పితే పెట్రోలు, పూట రెండూ పోతాయి, అక్కడ ఒకరి టమోటా వాడిపోతుంది.

ఇంతకుముందు కంపెనీ వాడిన యాప్ దగ్గరలో ఉన్న ఊరిని ముందు చూపించేది, అంతే. మనం ఉన్న చోటు నుంచి 4 కిలోమీటర్ల దూరంలో ఒక ఫిర్యాదు, 15 కిలోమీటర్ల దూరంలో ఇంకొకటి ఉంటే, 4 కిలోమీటర్లది పైన పెట్టేది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ దగ్గరి ఊరి ఫీడరుకు, అంటే సబ్‌స్టేషను నుంచి అక్కడికి కరెంటు తెచ్చే లైనుకు, అప్పుడు కరెంటే లేకపోతే అక్కడికి పోయి ఏం చేయాలి? డ్రిప్పు పనిలో నీళ్లు పారితే తప్ప ఏమీ తెలియదు. ఏ లేటరల్ (మొక్కల వరుస వెంట పరిచే సన్న పైపు) కొసకు నీళ్లు అందడం లేదో, ఫిల్టరుకు ముందు వెనక ప్రెషర్ ఎంత తేడా ఉందో, ఆ సన్న పైపులకు నీళ్లిచ్చే సబ్‌మెయిన్ పైపు ఎక్కడ పగిలిందో, మోటరు ఆడుతుంటేనే కనిపిస్తుంది. మన రాష్ట్రంలో వ్యవసాయానికి పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు, కానీ ఏ ఫీడరుకు ఏ వేళ అన్నది అన్ని చోట్లా ఒకేలా ఉండదు, మధ్యలో లైను పని పడితే ఆ టైము కూడా మారిపోతుంది. పాత యాప్‌కు ఇదేమీ తెలియదు. అందుకే మాలో అనుభవం ఉన్నవాళ్లు దాన్ని పక్కన పెట్టి, బయల్దేరే ముందు రైతుకు ఫోన్ చేసి "అన్నా, కరెంటు ఉందా?" అని అడిగి పోయేవాళ్లు.

కొత్త యాప్‌లో బాగున్నది సరిగ్గా ఇదే. ఒక్కో బోరు ఏ ఫీడరు కిందిదో దానికి తెలుసు. కరెంటు టైములు మేమే నింపాం, మొదట్లో అది పెద్ద తలనొప్పి పని, నిజమే, కానీ ఒకసారి నింపాక దాని విలువ తెలిసింది. ఇప్పుడు చాలామంది రైతులు మొబైల్ స్టార్టర్లు పెట్టుకున్నారు కదా, ఇంట్లో కూర్చుని ఫోన్లోనే మోటరు వేసుకునేవి, అవి కరెంటు వచ్చినా పోయినా మెసేజ్ పంపుతాయి. ఒప్పుకున్న రైతుల స్టార్టర్ల నుంచి ఆ మెసేజ్ యాప్‌కు కూడా చేరుతుంది. అంటే ఒక ఫీడరు కింద అలాంటి స్టార్టర్ ఒక్కటి ఉన్నా, ఆ చుట్టుపక్కల బోర్లకు కరెంటు ఉందో లేదో మాకు తెలిసిపోతుంది. పెద్ద పరికరాలేమీ పెట్టకుండా, ఊళ్లో ఉన్నదాన్నే వాడుకున్నారు. ఇది ఆలోచించినవాళ్లకు దండం పెట్టాలి.

దీని మీద బ్యాగులో ఉన్న సామాను, రైతు పాత రికార్డు, పంట, ఆ రోజు వాతావరణం కలుపుకుని వరుస చూపిస్తుంది. ఇంకో మంచి సంగతి, ఎందుకు పైన పెట్టిందో పక్కనే ఒక ముక్క రాస్తుంది: "మధ్యాహ్నం తర్వాత కరెంటు ఉండదు", "నాటి వారమే అయిన టమోటా", "కావలసిన కెపాసిటర్ బ్యాగులో ఉంది". కారణం కనిపిస్తే ఒప్పుకోవాలో వద్దో మనమే తేల్చుకోవచ్చు. కారణం చెప్పకుండా "ఇక్కడికి పో" అంటే, అది సరైనదో కాదో అక్కడికి పోయేదాకా ఎవరికీ తెలియదు.

పంట సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే యాప్ బలం, బలహీనత రెండూ కనిపిస్తాయి. మన ఎర్ర నేలలో నీళ్లు ఎక్కువసేపు నిలవవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది, మిగిలిందంతా బోరు మీదే. అలాంటి నేలలో కొత్తగా నాటిన టమోటాకో అరటికో రెండు రోజులు నీళ్లు ఆగితే కష్టం, పదేళ్ల చీనీ (బత్తాయి) చెట్టు అయితే కొంచెం తట్టుకుంటుంది. యాప్ ఈ తేడా చూసి వరుస మారుస్తుంది. బాగుంది. కానీ చలికాలంలో ఏం జరిగిందంటే, చీనీ తోటల మోటర్లు రోజుల తరబడి ఆడటం లేదని వరసబెట్టి ఎర్ర గుర్తు చూపించింది, "అత్యవసరం" అని. చీనీ పెంచే ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది, పూత బాగా రావాలని రైతే నీళ్లు ఆపి తోటను బెట్టకు వదులుతాడు. మోటరు చెడిపోలేదు, రైతు కావాలనే ఆపాడు. ఒక తోటకు ఫోన్ చేస్తే ఆ పెద్దాయన "నేనే ఆపినా నాయనా, ఇప్పుడు వచ్చి ఏం చేస్తావు, పూత వచ్చినాక రా" అన్నాడు.

మోటరు ఆడటం లేదన్నది యంత్రానికి తెలుస్తుంది, ఎందుకు ఆడటం లేదన్నది రైతు మనసులో ఉంటుంది. ఆ రెండోది అడిగి తెలుసుకునే దారి యాప్‌లో లేకపోతే మొదటిదాని వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. యాప్ చెప్పిన పనిని మేము వద్దనుకుంటే కారణం ఎంచుకోమంటుంది, ఆ కారణాల్లో అప్పట్లో బెట్ట లేదు, "ఇతర" అని నొక్కి రాయాల్సి వచ్చేది. చాలామంది అదే రాయడంతో తర్వాతి వెర్షన్లో చేర్చారు, ఇప్పుడు చీనీ తోటకు ఒకసారి "బెట్టకు వదిలారు" అని గుర్తు పెడితే, రైతు నీళ్లు మళ్లీ పెట్టే తేదీ దాకా ఊరికే ఉంటుంది. మా మాట విని మార్చారు, అది మెచ్చుకోవాలి.

ఈ రకం వ్యవస్థల గురించి కొంత చదివాను. కాంటెక్స్ట్ అవేర్ అంటారు, మనిషి ఉన్న పరిస్థితిని గమనించి దానికి తగ్గ సమాచారం ఇవ్వడం. ఆలోచన కొత్తదేమీ కాదు. 1990ల మొదట్లోనే ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒలివెట్టి పరిశోధనశాల వాళ్లు ఉద్యోగులు తగిలించుకునే ఒక బ్యాడ్జి చేశారు. అది ఇన్‌ఫ్రారెడ్ సంకేతాలు పంపేది, మనిషి ఏ గదిలో ఉంటే అతనికి వచ్చిన ఫోనును ఆ గదికి పంపించగలిగేవాళ్లు. 1994లో షిలిట్, ఆడమ్స్, వాంట్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రంలో మూడు సంగతులు ముఖ్యమన్నారు: నువ్వు ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు, నీ దగ్గరలో ఏ వనరులున్నాయి. 1999లో ష్మిట్, బీగల్, గెల్లెర్సెన్ అనేవాళ్లు పరిస్థితి అంటే మనిషి ఉన్న చోటు ఒక్కటే కాదని గట్టిగా వాదించారు. ఇది చదివినప్పుడు నాకు మా పాత యాప్ గుర్తొచ్చింది. అంత కాలం కిందట తేల్చిన సంగతిని ఇప్పటికీ చాలా యాప్‌లు పట్టించుకోవు, జీపీఎస్ చుక్క ఒకటి పెట్టి అంతా తెలుసన్నట్టు వరుస ఇచ్చేస్తాయి. మా ఊళ్లలో "దగ్గరలో ఉన్న వనరు" అంటే కరెంటే, అది లేని చోట మనిషి ఉన్నా పని లేదు.

ఇక చోటు విషయం. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను జీపీఎస్ 5 మీటర్ల అటూ ఇటూలో చూపిస్తుంది, మన పొలాల్లో అడ్డమేమీ ఉండదు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, రైతు ఇంటి దగ్గర నమోదు చేసుకున్నప్పుడు పిన్ ఇంటి మీదే పడుతుంది, తోట మూడు కిలోమీటర్లు అవతల గుట్ట వెనక ఉంటుంది. కొత్తపల్లి అనే ఊళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, అందులో ఒకే పేరున్న రైతులు ఇంకా ఎక్కువ. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక మడకశిర, పెనుకొండ, కదిరి వైపు ఊళ్లన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి, పాత రికార్డుల్లో మాత్రం అనంతపురమే ఉంది. ఇప్పుడు మొదటిసారి పోయినవాళ్లు బోరు దగ్గర నిలబడి పిన్ పెట్టాలని నియమం పెట్టారు, అలా పెట్టిన చోట్ల ఇక దారి అడగాల్సిన పని లేదు. మీరు కొత్తగా వాడేవాళ్లయితే ఈ ఒక్క పని బద్ధకించకుండా చేయండి, మీ తర్వాత వచ్చేవాడికి ఎండలో ఒక గంట మిగులుతుంది.

పావగడ తాలూకా సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మ్యాపు చూస్తే తెలుస్తుంది, కర్ణాటకలోని ఆ తాలూకా మన మధ్యలోకి చొచ్చుకుని ఉంటుంది. కుందుర్పి వైపు నుంచి మడకశిర వైపు పోవాలంటే దాని గుండానే దారి. అక్కడ అడుగుపెట్టగానే యాప్ "పని ప్రాంతం దాటారు" అని ఆఫీసుకు మెసేజ్ పంపి, మిగిలిన పనులను జాబితా నుంచి తీసేస్తుంది. దారే అటు నుంచి ఉంటే మనిషి ఎట్లా పోవాలి? చెబుతూనే ఉన్నాం. ఈ గీత గీసినవాళ్లు ఒక్కసారి కళ్యాణదుర్గంలో బస్సెక్కి పావగడ దాకా వచ్చి చూడాలని నా కోరిక.

సిగ్నల్ లేని చోట పరిస్థితి ఇంకా అధ్వానం. శెట్టూరు, కుందుర్పి గుట్టల్లో కొన్ని చోట్ల నెట్ అసలు రాదు. జీపీఎస్‌కు టవరు అక్కరలేదు కాబట్టి మనం ఎక్కడున్నామో తెలుస్తుంది, పొద్దున దించుకున్న రైతు రికార్డులూ తెరుచుకుంటాయి. కానీ వరుస మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. కరెంటు పోయినా, సామాను అయిపోయినా మార్చదు. మార్చలేదని చెప్పదు కూడా, అసలు కోపం అక్కడే. తెర మీద "ఇది పొద్దున 7 గంటల సమాచారం" అని పెద్ద అక్షరాల్లో రాస్తే చాలు, మేము దానికి తగ్గట్టు చూసుకుంటాం. పాత సమాచారాన్ని తాజాది లాగా చూపించడం, ఏమీ చూపించకపోవడం కంటే చెడ్డది. ఎందుకంటే దాన్ని నమ్మి మనిషి బయల్దేరతాడు.

వాతావరణం దగ్గర కూడా సగమే చేశారు. ఆ రోజు జిల్లాకు వాన సూచన ఉందో లేదో చూపిస్తుంది, మంచిదే, కానీ మాకు అంతకంటే కావలసింది పిడుగు హెచ్చరిక. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా ఎండ కాసి, సాయంత్రం ఉన్నట్టుండి గాలి, ఉరుము, పిడుగు వస్తాయి. ఆ టైములో బోరు నుంచి కాలమ్ పైపులు పైకి లాగే పనిలో ఉంటే, బయలు నేలలో ఇనుప స్టాండు పక్కన, ఇనుప పైపు పట్టుకుని మనుషులు నిలబడి ఉంటారు. దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు, అందులో పొలాల్లో పనిచేసేవాళ్లే ఎక్కువ. దీనికి నేను విడిగా దామిని యాప్ పెట్టుకున్నాను. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ చేసింది, ఉచితం, మనం ఉన్న చోటు చుట్టూ 20 కిలోమీటర్లు, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడే ప్రమాదం ఉంటే చెబుతుంది. ఫీల్డులో తిరిగే ప్రతి ఒక్కరూ ఈ రోజే వేసుకోండి. రైతులకు మేఘదూత్ చెబుతుంటాను, 2019లో వచ్చింది, వాతావరణ శాఖ వాళ్ల పంట సలహాలు మంగళవారం, శుక్రవారం తెలుగులో వస్తాయి. మందు కొట్టాలా వద్దా, నీళ్లు ఎప్పుడు పెట్టాలి అన్నది తేల్చుకోవడానికి పనికొస్తుంది.

మాట్లాడి రాయించే సౌకర్యం ఇచ్చారు, చేతికి గ్రీసు, మట్టి ఉన్నప్పుడు అది చాలా మేలు. పుస్తకం తెలుగులో నిదానంగా చెబితే సరిగ్గా రాస్తుంది. మామూలుగా మాట్లాడేటట్టు "కొసాకు నీళ్లు పార్లేదు, మోటరు ఎత్తడంలే" అంటే తడబడుతుంది. ఫోన్లు వేడెక్కడం ఇంకో బాధ. చాలా ఫోన్లకు తయారీదారులు చెప్పే హద్దు 35 డిగ్రీలు, మన దగ్గర మే నెల నీడలోనే అంతకు మించి ఉంటుంది. జేబులో కాకుండా బ్యాగులో, సామాను మధ్య కాకుండా గుడ్డ చుట్టి పెట్టుకోండి.

ఇక ఆఫీసు తెర. దీని గురించి నెమ్మదిగా రాయాలనుకున్నా రాయలేకపోతున్నాను. మాకు దారి చూపడానికి తీసుకున్న సమాచారాన్నే, మేము ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగామో లెక్క పెట్టడానికి వాడుతున్నారు. ఒక తోటలో కదలకుండా ఉంటే కొంతసేపటికి మా పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. కరెంటు కోసం ఆగినా అదే చుక్క. అసలు కరెంటు లేదని ఆ యాప్‌కే తెలుసు! ఆ ముక్క మాకు చూపిస్తుంది, సూపర్‌వైజరుకు చూపించదు. ఒకే యాప్‌లో ఒకవైపు తెలిసింది ఇంకోవైపు తెలియకపోతే ఎట్లా?

ఆసిడ్ ట్రీట్‌మెంటు సంగతి ఇంకా దారుణం. మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ కాబట్టి డ్రిప్పర్లు తెల్లగా పట్టి మూసుకుపోతాయి. ఆసిడ్‌ను నీళ్లలో కలిపి (నీళ్లలోకి ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లోకి నీళ్లు ఎప్పుడూ పోయకూడదు) వెంచురీ (మందును నీళ్ల లైనులోకి పీల్చే గొట్టం) గుండా లైన్లలోకి ఎక్కించి, మోటరు ఆపి, మరునాటి దాకా లోపల నిలవ ఉంచి, తర్వాత ఎండ్ క్యాపులు తీసి ఫ్లష్ చేయాలి, అంటే నీళ్లు వదిలి లైన్లు కడగాలి. అంటే ఆ పని సహజంగానే రెండు రోజులు. యాప్ దాన్ని "అదే రోజు పూర్తి కాలేదు" అని లెక్కేస్తుంది. ఇలా లెక్కేస్తే కొత్త పిల్లలు ఏం చేస్తారు? ఆసిడ్ ఎక్కించి గంటకే ఫ్లష్ చేసి "పూర్తి" అని నొక్కుతారు, రైతుకు డబ్బు పోతుంది, డ్రిప్పర్లు మళ్లీ మూసుకుపోతాయి. సరైన పని చేసినవాడికి ఎర్ర చుక్క, తొందరపడినవాడికి పచ్చ చుక్క. దీన్ని మేమంతా కలిసి రాసి ఇచ్చాం, చూస్తామన్నారు, ఇప్పటికైతే మారలేదు. నేను తగ్గించిన ఒకటిన్నర మార్కులో ఒక మార్కు దీనికే.

మీకు ఇలాంటిది ఇస్తే, ట్రైనింగు రోజునే అడగండి, మా కదలికలు ఎవరు చూస్తారు, డ్యూటీ అయ్యాక చూడటం ఆగుతుందా, యాప్ మాట కాదని మేము వేరే ఊరికి పోతే ఆ కారణం కూడా వాళ్లకు కనిపిస్తుందా అని. మా దాంట్లో "డ్యూటీ ముగిసింది" అని నొక్కితే చోటు పంపడం ఆగిపోతుంది, అది మాత్రం సరిగ్గానే పనిచేస్తోంది, రోజూ మరచిపోకుండా నొక్కుతాను.

ఎవరికి పనికొస్తుందంటే, ఊళ్లు కొత్తగా ఉన్న టెక్నీషియన్‌కు బాగా పనికొస్తుంది, పాత రికార్డు చేతిలో ఉండటం వల్ల రైతును అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడిగే పని తప్పుతుంది. బోరు లోతు ఎంత, మోటరు 5 హెచ్‌పీనా 7.5 హెచ్‌పీనా, పోయినసారి ఏం మార్చారు, అన్నీ తోటకు చేరేలోపే తెలుస్తాయి. ఇరవై ఏళ్లుగా ఇదే దారిలో తిరుగుతున్న మా పెద్దాయనలకు వరుస చెప్పాల్సిన పనే లేదు, వాళ్లకు కరెంటు మెసేజ్ ఒక్కటి చాలు. వాళ్ల దగ్గర కూర్చుని, ఏ ఊరికి ఏ నెలలో ఏ ఫిర్యాదు వస్తుందో రాయించుకుంటే ఈ యాప్ ఇంకా బాగుపడుతుంది. ఆ పని కంపెనీ ఇంకా మొదలుపెట్టలేదు. వచ్చే వెర్షన్లో పిడుగు హెచ్చరిక చేరుస్తామని చెప్పారు, ఏప్రిల్ లోపల చేరిస్తే ఇంకో అర మార్కు కలుపుతాను.